గంటలు కట్టిన బ్యాటరీ బండి

మీరిప్పుడు కరీంనగర్ బస్టాండు బయట నిలబడి చెయ్యి ఊపితే చాలు, చప్పుడు చెయ్యని ఆటో ఒకటి వచ్చి పక్కన ఆగుతుంది. ఫోన్ చూసుకుంటూ ఎక్కుతారు, ఫోన్ చూసుకుంటూ దిగుతారు. అది బ్యాటరీతో నడుస్తుందన్న సంగతే మీకు పట్టదు. పట్టనక్కర్లేదు కూడా. కానీ ఇదే రోడ్డు మీద ఒకప్పుడు అలాంటి బండిలోకి పదిమందిని ఎక్కించేసరికి నాకు ప్రాణం తోకకొచ్చింది. ఆ సంగతి చెప్తాను, వినండి. నాకు కోపం ముక్కు మీదుంటుందని మా ఆఫీసులో అందరూ అనేవాళ్ళు. నేను రిటైరయ్యాను గానీ అది మాత్రం రిటైర్ కాలేదు. కాబట్టి మధ్యలో ఎక్కడైనా గొంతు పెరిగితే సర్దుకోండి.

ఎనభైల చివరి మాట. పెట్రోలు, డీజిల్ తాగని బండ్లను జనానికి అలవాటు చెయ్యడం మా ప్రభుత్వ సంస్థ పని. హైదరాబాద్‌లో కొన్ని బ్యాటరీ వ్యాన్లు తిప్పుతున్నాం. ఒకదాన్ని జిల్లాకు పంపి చూద్దామని పైవాళ్ళకు బుద్ధి పుట్టింది. ఎవరు వెళ్తారని మీటింగులో అడిగితే అందరూ తలలెత్తి ఫ్యాను వైపు చూశారు. నేను చెయ్యెత్తాను. చెన్నూరులో పుట్టి గోదావరి నీళ్ళు తాగి పెరిగినదాన్ని, కరీంనగర్ నాకు పరాయి దేశమా! ఆడ ఇంజినీరు ఒక్కతే జిల్లాకు పోయి ఏం చేస్తుందని ఎవరో గొణిగారు. ఆ గొణుగుడు వినబడ్డాక ఇక ఆగుతానా?

బండి తెల్లగా, పొట్టిగా, పన్నెండు సీట్లతో ముచ్చటగా ఉండేది. సీట్ల కింద ఇనుప పెట్టెలో బ్యాటరీలు వరసగా ఉండేవి, పక్కనే మోటారును అదుపు చేసే చిన్న కంట్రోల్ డబ్బా. రూటు బస్టాండు నుంచి పెద్దాసుపత్రికి. ఊళ్ళ నుంచి బస్సు దిగిన రోగులు, కడుపుతో ఉన్నవాళ్ళు, వాళ్ళ వెంట టిఫిన్ డబ్బాలతో వచ్చేవాళ్ళు మా బేరం.

డ్రైవర్‌ను అక్కడే దినకూలీ మీద తీసుకున్నాం. హుజూరాబాద్ దగ్గరి పల్లె మనిషి, నలభై దాటాయి. ముందు ఎడ్లబండి, తర్వాత ట్రాక్టరు, ఆ తర్వాత ఎవరిదో జీపు నడిపాడు. నన్ను మొదటిరోజు నుంచీ ‘సార్’ అనే పిలిచాడు. ఇంజినీరంటే సారే అతని లెక్కలో. మేడమ్ అనమని చెప్పి చెప్పి నేనే విసిగి ఊరుకున్నాను.

అతనికి దుబాయ్ పోవడం అప్పటికే సగం ఖాయమైంది. రెండేళ్ళు వరసగా వానలు మొహం చాటేస్తే ఎడ్లను అమ్మి, ఆ డబ్బు జగిత్యాలలో ఒక ఏజెంటు చేతిలో పోశాడు. పాస్‌పోర్టు ఆ ఏజెంటు దగ్గరే ఉంది. వీసా రేపో మాపో అంటున్నారు. 

‘‘పోవుడు నాకు ఇష్టం లేదు సార్. మా ఇంటిది ఒక్కతీర్గ ఏడుస్తుంది. గీడ పక్కా కొలువు దొరికితె గా ఎడారిల నాకేం పని?’’ అన్నాడు ఒకసారి. 

పక్కా కొలువు మా చేతిలో లేదు. బండిని ఏడాది నడిపి చూశాక హైదరాబాద్ నుంచి కమిటీ వస్తుంది. బండి పనికొచ్చిందని వాళ్ళు రాస్తే బండీ ఉంటుంది, డ్రైవర్ పోస్టూ ఉంటుంది. లేదంటే బండి హైదరాబాద్‌కు, ఇతను దుబాయ్‌కు. అదీ సంగతి.

బండిని నడపడం తేలికే. జనాన్ని ఎక్కించడం దగ్గరే మొదలైంది మా తిప్పలు. బస్టాండు ముందు ఆటోలు గుడగుడమంటూ, పొగలు కక్కుతూ, ఇదిగో పోతున్నామన్నట్టు ఊగుతూ ఉంటాయి. జనం వాటి మీదికి ఎగబడతారు. మా బండి చూస్తే ఉలుకూ పలుకూ లేకుండా నిలబడి ఉంటుంది. ఒకరిద్దరు ఎక్కి, కాసేపు కూర్చుని, దిగిపోయేవాళ్ళు.

‘‘ఎందుకు దిగుతున్నవవ్వా? ఇప్పుడే పోతది’’ అని నేను ఒక ముసలమ్మను ఆపాను.

‘‘ఏడ పోతది బిడ్డా? ఇంకా బండే సాలు గాలే, ఇంజను సప్పుడే లేదు. నీ బండి లేసేదాక నా మోకాలు ఆగుతదా?’’ అని ఆమె చక్కా వెళ్ళి ఆటో ఎక్కింది.

ఇక రోడ్డు మీద ఇంకో బాధ. వెనక బండి వస్తున్నట్టు ఎవరికీ తెలియదు. సైకిళ్ళు జరగవు, బర్రెలు అసలే జరగవు. హారన్ కొడితే ఒక్కసారిగా అదిరిపడి తిట్లు. ఆటోవాళ్ళు దానికి ‘సచ్చిన బండి’ అని పేరు పెట్టారు. నేను కరపత్రాలు అచ్చు వేయించి పంచాను, మైకు పట్టుకుని అరిచాను, ఆటోవాళ్ళతో గొడవ పడ్డాను. ఏం లాభం లేకపోయింది.

ఒక పొద్దున వచ్చి చూద్దును కదా, బండి ముందు భాగానికి రెండు వైపులా ఎడ్ల మెడలో కట్టే కంచు గంటలు వేలాడుతున్నాయి.

‘‘ఇదేందన్నా? గవర్నమెంటు బండి అనుకున్నవా, జాతర బండి అనుకున్నవా?’’ అని కస్సుమన్నాను.

‘‘ఎడ్లు పోయినయ్ గని గంటలు ఇంట్లనే ఉన్నయ్ సార్. జర ఒక్కనాడు చూడుండ్రి. వద్దంటె తీసేస్త’’ అన్నాడు.

బస్టాండు ముందు ఆగి, సీట్లో కూర్చునే గంటల తాడు పట్టి మెల్లగా కదిలించేవాడు. గల్లుగల్లుమంటుంటే అది ప్రయాణమైన బండి అని ఎవరికీ చెప్పనక్కర్లేదు. రోడ్డు మీద పోతుంటే గంటలు వాటంతట అవే మోగేవి. సైకిళ్ళవాళ్ళు పక్కకు తప్పుకునేవాళ్ళు. బర్రెలు కూడా తప్పుకునేవంటే నమ్మండి. నెల తిరక్కుండా ‘సచ్చిన బండి’ పోయి ‘గంటల బండి’ అయింది. కుదుపు లేదని, డీజిల్ వాసనకు కడుపులో తిప్పదని కడుపుతో ఉన్నవాళ్ళు మా బండి కోసమే ఆగేవాళ్ళు. నా కరపత్రాలు చెయ్యలేని పని అతని ఎడ్ల గంటలు చేశాయి. హైదరాబాద్‌కు రాసిన రిపోర్టులో గంటల సంగతి రాస్తే, అక్కడ ఒక పెద్దమనిషి ఎర్ర సిరాతో ప్రశ్నార్థకం పెట్టి పంపాడు. అది కూడా బండికే తగిలించమన్నాను, మోగితే చూద్దామని.

తర్వాత ఛార్జింగ్ గోల. ముందు ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో పెట్టేవాళ్ళం. ఆ రోజుల్లో కరెంటు చుట్టం చూపుగా వచ్చి పోయేది. వచ్చినప్పుడు ఆసుపత్రికే చాలదు, మా బండికి ఎక్కడ ఇస్తారు? ఊళ్ళో త్రీఫేజు ఉన్న ప్రతి గడపా ఎక్కి దిగాను. కట్టె కోసే మిషన్‌వాళ్ళు, ఐస్ ఫ్యాక్టరీవాళ్ళు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. చివరికి ఊరి చివరి రైసు మిల్లు పటేల్ దగ్గర పని అయింది. ఆయన పెద్ద వ్యవసాయ కుటుంబం మనిషి, బుర్రమీసాలు, నవ్వితే పొట్ట ముందు నవ్వేది.

‘‘అంటే ఏందమ్మా, మా మిల్లుల బర్రెకు కుడితి తాపినట్టు నీ బండికి కరెంటు తాపుతనంటవు?’’ అన్నాడు.

‘‘అంతే పటేలా. మీటరు వేరే పెడతం, బిల్లు మా సంస్థ కడుతది. మీరు జాగ ఇస్తే చాలు.’’

‘‘బిల్లు సంగతి తర్వాత. మా కోడలు మొన్న గా బండిలనే దవఖానకు పోయింది. కడుపుల నీళ్ళు కదలలేదన్నది. తెచ్చి పెట్టుకోపో’’ అన్నాడు. 

అలా మిల్లు ఆవరణలో మాకు ఛార్జింగ్ షెడ్డు వచ్చింది. కరెంటు పోతే పటేల్ తన డీజిల్ జనరేటర్ వేసి మరీ మా బండికి ఛార్జింగ్ పెట్టించేవాడు. డీజిల్ తాగని బండి అని ఊరంతా డప్పు కొట్టే నేను అటు తిరిగి నిలబడేదాన్ని.

ఏడాది గడిచింది. బండి ఒక్కరోజు కూడా దారిలో ఆగలేదు. కమిటీ వస్తున్నట్టు కబురు వచ్చింది. పెద్దలకు దసరా మర్నాడు తప్ప ఇంకో రోజు దొరకలేదు. ఏజెంటు కూడా అప్పుడే వీసా వచ్చిందని, పండుగ కాగానే బొంబాయికి బయలుదేరాలని కబురంపాడు. డ్రైవర్ అతన్ని రెండు రోజులు ఆగమని బతిమాలుకున్నాడు. ‘‘గీ కమిటీ ఏమంటదో చూసి చెప్త అన్న సార్’’ అన్నాడు నాతో. ఆ గొంతులో భయం నాకు తెలుస్తూనే ఉంది. ‘‘ఫికర్ చెయ్యకు. నేనున్న కదా’’ అన్నాను పెద్ద మొనగత్తెలా. పండుగకు చెన్నూరు వెళ్ళాను.

పండుగ మర్నాడు పొద్దున్నే బస్సు దిగి నేరుగా మిల్లుకు వచ్చాను. ఆవరణ అంతా బంతిపూలే. దసరాకు అందరూ ఆయుధపూజ చేస్తారు కదా. మిల్లు మిషన్లు, కాంటా, ట్రాక్టరు, నాగళ్ళు అన్నిటికీ బొట్లు, మామిడాకులు. వాటి వరసలోనే మా బండి కూడా పెళ్ళికూతురులా ఉంది. దాని పక్కన నేల మీద డ్రైవర్ తల పట్టుకుని కూర్చున్నాడు. అతని భార్య కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

‘‘ఏమైందన్నా?’’

‘‘నడుస్తలేదు సార్’’ అన్నాడు తలెత్తకుండా.

సీటు ఎత్తి బ్యాటరీల పెట్టె చూశాను. ప్రతి బ్యాటరీకి పసుపు, కుంకుమ, మీద ఒక నిమ్మకాయ. పెట్టె అడుగున నీళ్ళు. కంట్రోల్ డబ్బా మూత సందుల్లోంచి పసుపు నీళ్ళు కారుతున్నాయి. ఫ్యూజు ఎప్పుడో ఎగిరిపోయింది.

‘‘నీకు అసలు దిమాక్ ఉన్నదా? కమిటీవాళ్ళు ఇంకాసేపట్ల వస్తరు! ఏడాది కష్టం నీళ్ళల్ల పోసినవు కదా!’’ అని మిల్లు అదిరేటట్టు అరిచాను.

‘‘ఆయిన కాదు సారూ, నేనే పోసిన’’ అంది అతని భార్య వెక్కుతూ. ‘‘లారీలోల్లు ఇంజనుకు జేస్తరు గదా పూజ. గీ బండికి ఇంజనే లేకపాయె. బలమంత గీ డబ్బలనే ఉన్నదని మా ఆయిన ఎప్పుడో చెప్పిండు. గందుకే ఆయిన జమ్మి కాడికి పోయినంక పెట్టె మూత దీసి పసుపు నీళ్ళు జల్లిన. ఒక్కొక్కదాని మీద కొబ్బరినీళ్ళు పోసి మొక్కిన. బండి గీడనే ఉంటె మా ఆయిన దుబాయ్ పోడు గదా అని...’’

ఇక నేనేం తిడతాను చెప్పండి? కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బండి ఉండాలని మొక్కిన మొక్కే బండిని ఆపేసింది.

నా బుర్ర వేరే లెక్కలో పడింది. కమిటీకి ఏం చెప్పాలి? బండే చెడిపోయిందంటే, చూశారా ఇవి జిల్లాలకు పనికిరావని పట్టుకుపోతారు. మనిషి తప్పంటే బండి బతుకుతుంది, డ్రైవర్ కొలువు పోతుంది. రెండిట్లో ఏది చెప్పినా అతనికి బొంబాయి రైలే గతి. కొంచెం టైము అడుగుదామని అనుకుంటుండగానే కమిటీ కారు మిల్లు గేటులోకి వచ్చేసింది.

ముగ్గురు దిగారు. ఛైర్మన్ పొడుగ్గా, ఇస్త్రీ నలగని బట్టల్లో ఉన్నాడు. ‘‘ఏదమ్మా మీ గంటల బండి? ఎక్కి చూద్దాం’’ అన్నాడు. నేను నోరు తెరిచేలోపే డ్రైవర్ లేచి వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాడు.

‘‘ఇయ్యాల నడుస్తలేదు సార్. బండిది ఏం తప్పు లేదు. నిన్న పూజ జేసి మూత దీసి నీళ్ళు పోసిన, నేనే. ఏడాది సంది ఒక్కనాడు ఆగలే గీ బండి. కడుపుతోటున్నోల్లు దీనికోసమే చూస్తరు సార్. బండిని మాత్రం తీస్కపోకుండ్రి. నన్ను తీసేయుండ్రి.’’

అతని భార్య ఏదో చెప్పబోయింది. అతను వెనక్కి తిరిగి ఒక్క చూపు చూశాడు, ఆమె ఆగిపోయింది. నిజం చెప్తున్నాను, ఇన్నేళ్ళ సర్వీసులో తప్పు తన నెత్తిన వేసుకున్న మనిషిని నేను చాలా తక్కువగా చూశాను. తనది కాని తప్పు, అదీ కొలువు పోతుందని తెలిసి నెత్తిన వేసుకున్నవాడు ఇతనొక్కడే.

కమిటీలో రెండో ఆయన అప్పుడే కలం తీశాడు. ‘‘డ్రైవర్ నిర్లక్ష్యం అని రాసేద్దాం సార్. మనిషిని మారిస్తే సరిపోతుంది’’ అన్నాడు.

అప్పుడు నా కళ్ళు వాళ్ళ కారు మీద పడ్డాయి. ముందు గ్లాసు మీద కుంకుమ బొట్లు. బానెట్ మీద వాడిన బంతిపూల దండ. బంపర్‌కు కట్టిన నిమ్మకాయలు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. ముక్కు మీది కోపం నాలుక మీదికి దిగింది.

‘‘సార్, నిన్న మీ కారు మీద ఎన్ని బిందెల నీళ్ళు పోశారు?’’ అన్నాను.

‘‘ఏమిటమ్మా?’’ అన్నాడు ఛైర్మన్.

‘‘ఇవాళ స్టార్ట్ అయింది కదా సార్ అది! హైదరాబాద్ నుంచి ఇంత దూరం వచ్చింది కదా! దసరా నాడు బండి కడగని ఇల్లు మన దగ్గర ఉందా? మరి పండుగ పూట పూజకు తట్టుకోని బండిని మన జనానికి ఇచ్చి, వాళ్ళు పూజ చేస్తే నిర్లక్ష్యం అని రాస్తామా? కంట్రోల్ డబ్బాకు నీళ్ళు దిగని మూత పెట్టడం మన పని. మనం పెట్టలేదు. రాసేదుంటే మూత గురించి రాయండి. ఆ మనిషి గురించి రాస్తే నా రాజీనామా కూడా పక్కనే పెట్టుకోండి!’’

అన్నాక గానీ తెలియలేదు ఏమన్నానో. ఛైర్మన్ మెల్లగా తన కారు దగ్గరికి నడిచాడు. తన డ్రైవర్‌ను అడిగాడు, ‘‘నిన్న దీనికి ఏం చేశావయ్యా?’’

‘‘బానెట్ లేపి కడిగిన సార్. కొబ్బరికాయ గొట్టి నీళ్ళు ఇంజన్ మీదనే పోసిన. అమ్మగారే పొయ్యమన్నరు’’ అన్నాడతను అమాయకంగా.

ఛైర్మన్ పకపకా నవ్వాడు. ‘‘మా ఆవిడ మీద కూడా చర్య తీసుకోవాలన్నమాట. ఆ పని నా వల్ల కాదు’’ అన్నాడు. రెండో ఆయన కలం జేబులో పెట్టుకున్నాడు. ‘‘ఎంతసేపట్లో నడుపుతారమ్మా దీన్ని?’’ అన్నాడు ఛైర్మన్.

‘‘ఎండ ఎంత గట్టిగా ఉంటే అంత తొందరగా సార్.’’

అంతవరకు గోడ దగ్గర నిలబడి చూస్తున్న పటేల్ అప్పుడు ముందుకొచ్చాడు. ‘‘ఎండ నా మిల్లుది, జాగ నాది. వడ్లు జరుపుండ్రిరా!’’ అని కేకేశాడు. కమిటీ వైపు తిరిగి, ‘‘మీరు లోపలికి రాండ్రి సార్. పండుగ మర్నాడు మా ఇంటికొచ్చి తినకుంట పోతె బాగుండదు’’ అని వాళ్ళను మాంసం కూర, గారెల ముందు కూర్చోబెట్టాడు.

వడ్లు ఎండబోసే గచ్చు మీద, వడ్ల కుప్పల మధ్య, కంట్రోల్ డబ్బా విప్పి పరిచాను. బ్యాటరీలను వంటసోడా కలిపిన నీళ్ళ గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో మళ్ళీ తుడిచాం. తుడుస్తున్నది ఎవరనుకున్నారు? ఆమే, డ్రైవర్ భార్య. పసిపిల్లల ఒళ్ళు తుడిచినట్టు తుడిచింది. అతను డబ్బా పక్కనే గొంతుక్కూర్చుని, ఎండ కదిలినకొద్దీ దాన్ని జరుపుతూ పోయాడు. నేను కొత్త ఫ్యూజు వేసి, అన్నీ బిగించి, ‘‘ఇగ నడుపు’’ అన్నాను.

అతను సీట్లో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. పెడల్ మీద కాలు ఆనించాడు. బండికి ఎప్పట్లాగే ఉలుకూ పలుకూ లేదు. అంతలో గల్లుమని గంటలు మోగాయి. బండి కదులుతోంది!

మిల్లు హమాలీలు ఈలలు వేశారు. కమిటీ మొత్తం చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎక్కింది. బస్టాండు దగ్గర ఆగేసరికి పొద్దున్నుంచి బండి రాలేదని ఎదురుచూస్తున్నవాళ్ళు తోసుకుంటూ వచ్చారు. నిండు నెలలతో ఒకామె ఎక్కితే సీటు లేదు. ఛైర్మన్ లేచి నిలబడ్డాడు. ఆసుపత్రి దాకా కడ్డీ పట్టుకునే వచ్చాడు. దిగుతూ నాతో, ‘‘బండి ఇక్కడే ఉంటుంది. ఆ మూత సంగతి చూడండి. డ్రైవర్‌ను మార్చే పని లేదు, పోస్టు ఇవ్వమని రాస్తాను’’ అన్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. ‘‘మీరు కొంచెం మెల్లగా మాట్లాడడం నేర్చుకోండి’’ అన్నాడు. సరే సార్ అన్నాను. నేర్చుకోలేదు.

డ్రైవర్‌కు చెప్తే రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. అతని భార్య మాత్రం నన్ను పట్టుకుని పసిపిల్లలా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు.

మర్నాడు అతను డ్యూటీకి ఆలస్యంగా వచ్చాడు. ఏడాదిలో అదే మొదటిసారి. పోస్టు వచ్చిందో లేదో అప్పుడే నెత్తికెక్కిందా అని నేను తిట్లు సిద్ధం చేసుకుని ఉన్నాను.

‘‘జగిత్యాల పోయొచ్చిన సార్. ఏజెంటు పైసలు తర్వాత ఇస్తనన్నడు, ఇస్తె ఇచ్చిండు లేకుంటె లేదు. గిది మాత్రం వాపస్ తెచ్చుకున్న’’ అని జేబులోంచి పాస్‌పోర్టు తీసి చూపించాడు.

‘‘ఇప్పుడు దీన్నేం జేస్తవన్నా?’’

‘‘బండిల పెట్టుకుంట సార్. నా ఫోటో మంచిగ పడ్డది దీంట్ల’’ అని నవ్వాడు. స్టీరింగు ముందున్న దేవుడి పటం వెనక దోపాడు.

కంట్రోల్ డబ్బాకు నీళ్ళు దిగని మూత పెట్టించాను. ఆ బండి బ్యాటరీల్లో సత్తువ ఉన్నంత కాలం, కొన్నేళ్ళు, బస్టాండుకూ ఆసుపత్రికీ మధ్య గల్లుగల్లుమంటూ తిరిగింది. తర్వాత కొత్త బ్యాటరీలు కొనిచ్చే నాథుడు లేక షెడ్డులో ఆగిపోయింది. దాన్ని లారీ మీద తీసుకుపోయేనాటికి అతన్ని వేరే ఆఫీసు జీపు మీదికి మార్చారు. బదిలీ మీద హైదరాబాద్ వెళ్ళిపోయిన నేను ఆ రోజు పని కట్టుకుని వచ్చాను. అతను గంటలు విప్పి భార్య చేతికిచ్చాడు. పటం వెనక నుంచి పాస్‌పోర్టు తీసి నాకిచ్చాడు, చూడమని.

పేజీలు తిరగేశాను. గడువు ఎప్పుడో అయిపోయింది. ఏ దేశం ముద్రా లేదు, అన్నీ తెల్లగా ఉన్నాయి. అట్ట మీద మాత్రం ఏటేటా దసరాకు ఆమె పెట్టిన కుంకుమ బొట్లు, ఒకదాని మీద ఒకటి, దళసరిగా పేరుకుని ఉన్నాయి.